అధ్యాయానికో గొంతు: నవల వినడానికి పనికొస్తుందా?

పాతపేజీ:
కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలని వాలంటీర్లు పైకి చదివి, ఆడియోగా ఉచితంగా పెట్టే వెబ్‌సైట్ లిబ్రివాక్స్. అందులో పాత ఇంగ్లిష్ నవలలు వినేవాళ్లకి ఒక ప్రశ్న. ఊరికే చదివి పెట్టేవాళ్లని తప్పుపట్టకూడదు, ఒప్పుకుంటాను. కానీ పదిమంది పంచుకుని చదివిన రికార్డింగులతో నాకు పేచీ ఉంది. డికెన్స్ ‘బ్లీక్ హౌస్’ తీసుకోండి. 67 అధ్యాయాలు, కథ చెప్పేవాళ్లు ఇద్దరు. ఒకడు పేరులేని కథకుడు, అంతా ఇప్పుడే జరుగుతున్నట్టు వెటకారంగా చెప్పుకుపోతాడు. రెండోది ఎస్తర్, తన గతాన్ని తనే నెమ్మదిగా చెప్పుకుంటుంది. ఆ రెండు గొంతుల తేడా మీదే నవల నడుస్తుంది. చదివేవాళ్లు మారుతూ ఉంటే ఎస్తర్ ఒకసారి అమెరికా యాసలో, ఇంకోసారి మగగొంతులో మాట్లాడుతుంది. ఇలాంటి నవలలైనా ఒక్కరే చదవాలని నియమం పెట్టాలి.

చెవులపిల్లి:
నియమం పెడితే రికార్డింగే ఉండదండీ. ఉద్యోగం చేసుకుంటూ 67 అధ్యాయాలు ఒక్కరే చదవాలంటే నెలలు పడుతుంది. మధ్యలో మానేస్తే అంతే సంగతులు. 2005లో వాళ్లు మొదట పూర్తిచేసిన నవల, కాన్రాడ్ ‘ది సీక్రెట్ ఏజెంట్’, అదీ పంచుకుని చదివిందే. ఒకే నవలని ఎందరైనా మళ్లీ చదివి పెట్టొచ్చు కదా, ఒక్కరే చదివింది వెతుక్కోండి.

పాతపేజీ:
వెతుక్కుంటాను సరే, బాగా చదివారా లేదా అని చూసేవాళ్లే లేరంటాను.

రాత్రిషిఫ్ట్:
లేకేం, ప్రూఫ్ లిజనర్లు ఉంటారు. ఒకే వాక్యం రెండుసార్లు వచ్చిందా, పేరా ఎగిరిపోయిందా, సౌండ్ మరీ తక్కువైందా అని చూస్తారు. చదివే తీరు బాగోలేదని మాత్రం, అడిగితే తప్ప అనరు. కావాలని పెట్టుకున్న పద్ధతి అది. ఆడిషన్ పెట్టి ఉంటే సగంమంది మైకు జోలికే వచ్చేవాళ్లు కాదు. నాకు విసుగు పుట్టించేది ఇంకోటి: ప్రతి అధ్యాయం ముందూ ‘ఇది లిబ్రివాక్స్ రికార్డింగ్’ అనే ప్రకటన. 67 సార్లు!

ఎండుమిర్చి:
పాతపేజీ గారూ, ఆ నవల 1852-53లో నెలనెలా విడివిడి భాగాలుగా వచ్చింది. అప్పట్లో ఇంట్లో ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వినేవాళ్లు. అన్ని నెలలూ ఒక్కరే చదివి ఉంటారా? మీరు కోరుతున్నది డికెన్స్ తరహా. 1858 నుంచి ఆయనే టిక్కెట్లు పెట్టి, పాత్రలన్నీ తనే అయి చదివేవాడు. అందరూ డికెన్స్ కాలేరుగా.

పాతపేజీ:
మంచి మాట. కానీ ఇంట్లో ఎవరు చదివినా తెలిసిన గొంతే. ఇక్కడ కొత్త మనిషి గొంతుకి అలవాటుపడేలోపే అధ్యాయం అయిపోతోంది. పోనీ, పంచుకునేటప్పుడు ఎస్తర్ అధ్యాయాలన్నీ ఒకరికే ఇవ్వమనండి.

చెవులపిల్లి:
అది కుదిరే పనే. ఎస్తర్ వంతు ఇంచుమించు సగం నవల, అంత ఓపిక ఉన్నవాళ్లు దొరకాలి.

రాత్రిషిఫ్ట్:
మన ‘మాలపల్లి’ని ఇలా పంచుకుని చదివితే? ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1958లో పోయారు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లే కాబట్టి కాపీరైట్ చిక్కు లేదు. చలం గారి పుస్తకాలకైతే 2039 దాటాలి.

ఎండుమిర్చి:
నేను రెడీ. కానీ గుంటూరు మాటని నా కరీంనగర్ నోటితో చదివితే పాతపేజీ గారు ఊరుకుంటారా?

పాతపేజీ:
మొదటి నాలుగు అధ్యాయాలు మీరే చదవండి. ఐదోది ఇంకొకరికి ఇస్తే మాత్రం మళ్లీ గొడవే.