చిట్టి పూసల పూలగొలుసు మెలి పడుతోంది, పూల మధ్య వైరు కనిపిస్తోంది. ఎక్కడ సరిచేయాలి?

గుంటూరు_గోరింట:
తెల్ల రేకులు, పసుపు మధ్య, పువ్వుకీ పువ్వుకీ నడుమ మూడు ఆకుపచ్చ పూసలు. మంగళగిరి చీర మీదకి మెడను అంటి ఉండేలా 16 అంగుళాల గొలుసు అల్లుతున్నాను. పట్నంబజారులో తూకానికి తెచ్చిన షుగర్ బీడ్స్ (చిట్టి గాజు పూసలు), 11 నంబరు. పువ్వుకి 8 రేకులు, మధ్యలో కూడా అదే 11 నంబరు పూస, 0.3 మి.మీ. నైలాన్ వైరు.

మధ్య పూస లోపల వదులుగా ఊగుతోంది, పువ్వు గుండ్రంగా నిలవట్లేదు. పూల నడుమ వైరు మెరుస్తూ కనిపిస్తోంది. బల్ల మీద పరిస్తే గొలుసు రెండు మూడు పూలకోసారి మెలి తిరుగుతోంది. ఓణీల ఫంక్షన్‌కి ఇలాంటివి 10 కావాలి కాబట్టి ఎన్ని గ్రాములు తేవాలో కూడా చెప్పండి. పసుపు, చెమట తగిలినా రంగు నిలవాలి.

వన్‌టౌన్_పూసలక్క:
ముందు మధ్య పూస మార్చమ్మా, సగం గొడవ అక్కడే పోతుంది. ఈ పూస నిజంగా గుండు కాదు, చిన్న గారెలాంటిది. 11 నంబరు పూస అడ్డంగా 2 మి.మీ. పైచిలుకు ఉన్నా, దారం మీద ఆక్రమించేది దాదాపు 1.4 మి.మీ. మాత్రమే. ఎనిమిదింటిని చుట్టూ కడితే లోపల మిగిలే ఖాళీ 3.5 మి.మీ. దాకా ఉంటుంది. అందులో 2 మి.మీ. పూస వేస్తే ఊగక ఏం చేస్తుంది! 8 నంబరు పూస (3 మి.మీ.) వేస్తే పువ్వు చదునుగా కూర్చుంటుంది. 4 మి.మీ. ముత్యం వేస్తే మధ్య కాస్త ఉబ్బి, చూడ్డానికి ఇంకా బావుంటుంది. అంతకు మించితే రేకులు వెనక్కి విరుచుకుని గిన్నెలా అవుతాయి.

అచ్చంగా 11 నంబరే మధ్యలో కావాలంటే రేకులు 6కి తగ్గించు. పువ్వు చిన్నదవుతుంది, గడ్డిచామంతిలా ముద్దుగా ఉంటుంది, కానీ పూల సంఖ్య పెరుగుతుంది, చేతిపని కూడా. 5 రేకులతో గొలుసు మాత్రం వద్దు. మొదటి రేకుకి సరిగ్గా ఎదురుగా రేకు ఉండదు, గొలుసు వంకర్లు పోతుంది. దుద్దులకీ లాకెట్‌కీ అయితే 5 రేకులు బాగుంటాయి.

ఇంకోటి, తూకం పూసల్లో సన్నవీ లావువీ కలిసే ఉంటాయి. అల్లే ముందు ఒక పళ్ళెంలో పోసి, పలచగా బిళ్ళలా ఉన్నవీ కంత వంకర ఉన్నవీ తీసి పారేయి. ఒక్క లావు పూస పడినా ఆ పువ్వు మూల తేలుతుంది.

సూదీ_దారం:
మెలికకి కారణం సూది తిరిగే దిక్కు. ఒకసారి వరస చెబుతాను, మీది పోల్చి చూసుకోండి.

8 తెల్ల పూసలు ఎక్కించి, మొదటి పూసలోంచి అదే దిశలో మళ్ళీ సూది తీస్తే చుట్టు మూసుకుంటుంది. ఇప్పుడు సూది 1, 2 పూసల మధ్య నుంచి బయటికొచ్చి ఉంటుంది. మధ్య పూస ఎక్కించండి. ఎదురుగా ఉన్న 5వ పూసలోకి వెళ్ళాలి. ఎటు నుంచి అన్నదే కీలకం: 6వ పూస వైపు నుంచి దూరి 4వ పూస వైపు తేలాలి. అప్పుడు మధ్య పూసలో దారం సూటిగా ఉంటుంది, పువ్వులోకి దారం వచ్చిన సందుకి సరిగ్గా ఎదురు సందులోంచి బయటికి పోతుంది. 4 వైపు నుంచి దూరితే 5, 6 మధ్య తేలుతుంది, అంటే ఒక పూస పక్కకి. ప్రతి పువ్వూ ఆ ఒక్క పూస మేర జరిగితే గొలుసు వంకరపోక తప్పదు.

రెండోది, చుట్టు మూసేటప్పుడు పనిని బల్ల మీదే ఉంచండి. ఒక పువ్వు గడియారం ముల్లు తిరిగే వైపు, తర్వాతది ఎదురు వైపు పడితే అక్కడే మెలి. చేతిలో పట్టుకుని అల్లితే ఇది తెలియకుండానే జరుగుతుంది. పాత తువాలు మడత మీద పెట్టుకుంటే పూసలు దొర్లవు కూడా.

వైరు కనిపించడానికి 0.3 నైలాన్ ముఖ్య కారణం. స్ప్రింగులా వెనక్కి తన్నుతుంది, బిగించినా సడలుతుంది. మొదటి రేకులోంచి దారం రెండుసార్లు, గట్టి కోసం మళ్ళీ అల్లితే మూడోసారీ పోవాలి, కంత చూస్తే 0.8 మి.మీ. లోపు. నాసిరకం పూసల్లో ఇంకా సన్నం. బలవంతంగా లాగితే పూస పగులుతుంది, అదీ పువ్వు మధ్యలో. 0.2 మి.మీ. నైలాన్‌కి మారండి, లేదా గాలాల సామాన్లు అమ్మే కొట్లో 0.15 మి.మీ. అల్లిక దారం (సన్న పోగుల్ని జడలా అల్లినది) దొరుకుతుంది, తెలుపు రంగుది అడగండి. ముదురు బూడిద రంగుది తెస్తే తెల్ల పూసల మీద నల్లటి మరక దిగుతుంది. సూది 12 నంబరు.

దారం పొడవు గొలుసుకి అయిదు రెట్లు, అంటే 2 మీటర్లు. సగం ఒక అట్టముక్కకి చుట్టి, గొలుసు నట్టనడుమ నుంచి మొదలుపెట్టండి. ఒక వైపు అయ్యాక అట్ట విప్పి రెండో వైపు. చివరి నుంచి మొదలుపెడితే 2 మీటర్ల దారమూ ప్రతి పూసలోంచీ లాగాలి, చిక్కులు పడుతుంది.

మధ్య పూస ఎక్కించే ముందు చుట్టుని వేలితో నొక్కి పట్టుకుని దారం లాగండి. తర్వాత లాగితే బిగువు చుట్టు దాకా రాదు.

గుంటూరు_గోరింట:
ఇప్పుడు తెలిసింది, 4 వైపు నుంచే దూరుస్తున్నాను. రంగు సంగతీ, గ్రాముల సంగతీ చెప్పండి. చివర హుక్కు దగ్గర ఫెవిక్విక్ వేయొచ్చా?

బెజవాడ_ముత్యం:
ఫెవిక్విక్ వద్దు. ఆరాక దారం గట్టిపడి, వంగిన చోట పుటుక్కున తెగుతుంది. పక్క పూసల మీద తెల్లటి పొగ కూడా పట్టుకుంటుంది. నెయిల్ పాలిష్ కొందరు చెబుతారు, గాజు పూసలకైతే పర్వాలేదు. మీరు మధ్యలో ప్లాస్టిక్ ముత్యం వేస్తే అది పైపూతని కరిగించేస్తుంది. నా లెక్కలో జిగురు కన్నా వెనక్కి అల్లడమే నమ్మకం. దారం చివరని మూడు పువ్వుల దాకా వచ్చిన దారినే వెనక్కి నడిపి, రెండు చోట్ల చిన్న ముడి వేసి కత్తిరించండి.

హుక్కుకి మామూలు జంప్ రింగు వాడితే సన్న దారం ఆ రింగు చీలికలోంచి జారిపోతుంది. అతుకు మూసిన రింగు వాడండి, లేదా ముడి మీద నాట్ కవర్ (ముడిని లోపల మూసేసే చిన్న లోహపు డిప్ప) నొక్కి దానికి రింగు తగిలించండి. వెనక 2 అంగుళాల అడ్జస్ట్‌మెంట్ చెయిన్ పెడితే 10 మందికీ ఒకే కొలత సరిపోతుంది.

రంగు విషయానికొస్తే, గాజులోనే రంగు కలిసిన ముద్ద తెలుపు, ముద్ద పసుపు పూసలు ఏళ్ళ తరబడి ఉంటాయి. లోపల వెండిపూత ఉన్నవి చెమటకి నల్లబడతాయి. పైన లోహపు మెరుపు, ముత్యపు మెరుపు పూసినవి మన ఎండాకాలంలో మెడ మీదే పొట్టు రేగుతాయి. గులాబీ, ఊదా రంగుల్లో పైరంగు అద్దినవే ఎక్కువ. కొనేముందు అయిదారు పూసలు నెయిల్ పాలిష్ రిమూవర్‌లో రాత్రంతా నానబెట్టండి. తీసి దూదితో తుడిస్తే దాని మీద రంగు దిగిందా, ఆ రకం మానేయండి. దిగకపోయినా కొన్ని పూసలు వారం పాటు డాబా మీద ఎండలో ఉంచి, ఇంట్లో ఉంచినవాటితో పోల్చండి. రెండూ వేరు పరీక్షలు.

పసుపు గాజుకి అంటదు, దారానికి అంటుతుంది. అల్లిక దారం పీల్చుకుంటుంది, నైలాన్ వైరు పెద్దగా పీల్చుకోదు. పసుపు దంచే వేళకీ వేసుకుంటారంటే 0.2 నైలాన్‌కే నా ఓటు. సబ్బుతో కడిగితే మరక ముందు ఎర్రబడుతుంది, కంగారు పడొద్దు. నీళ్ళతో జాడించి ఎండలో పెడితే క్రమంగా వెలిసిపోతుంది.

వన్‌టౌన్_పూసలక్క:
గ్రాముల లెక్క నేను చెబుతా. 8 రేకుల పువ్వు అడ్డంగా సుమారు 8 మి.మీ., మూడు పచ్చపూసలు 4, మొత్తం 12 మి.మీ. 16 అంగుళాలంటే 40 సెం.మీ. పైచిలుకు, హుక్కూ రింగులూ పోను అల్లిక 37 సెం.మీ. అంటే 31 పూలు. తెల్లవి 248, పచ్చవి 90, మధ్యవి 31. పదింటికి తెల్లవి 2,480. సమంగా ఉండే 11 నంబరు జపాన్ పూసలు గ్రాముకి దాదాపు 110 వస్తాయి, అంటే 23 గ్రాములు. తూకం పూసల్లో ఏరివేత పోతుంది కాబట్టి 35 తీసుకో. పచ్చవి 15, 8 నంబరు పసుపువి (గ్రాముకి 40 లోపు) 12 గ్రాములు. అన్నీ ఒకే కట్టలోంచి తూయించుకో, రెండోసారి వెళ్తే అదే తెలుపు దొరకదు.

కొనే ముందు నీ పూసలతో అయిదు పూలు, ప్రతి పువ్వు తర్వాతా మూడు పచ్చపూసలతో సహా, అల్లి స్కేలు మీద పెట్టి చూడు. 60 మి.మీ. కన్నా అయిదారు తేడా వస్తే పూల లెక్క మార్చుకో, పచ్చపూసలు తగ్గించి సర్దకు. నడుమ రెండే ఉంటే పూలు ఒరుసుకుని గొలుసు మెడ వంపు తిరగదు.