అప్‌డేట్: అంగారకుల దాడి నుంచి బ్రిటన్‌ను కాపాడుకోవడం గురించి

1998లో విడుదలైన 'జెఫ్ వేన్స్ ద వార్ ఆఫ్ ద వరల్డ్స్' అనే కంప్యూటర్ వ్యూహ గేమ్‌లో (అంగారక గ్రహవాసులు బ్రిటన్ మీద దండెత్తే కథ) మానవుల పక్షాన ఆడుతున్నప్పుడు బ్రిటన్ ఉత్తరాది ప్రాంతాలు వరుసగా చేజారుతున్నాయని, దీనికి విరుగుడు ఏమిటని ఇంతకుముందు అడిగాను. సరిహద్దంతటా సేనలను పలచగా పరచకుండా, కొన్ని ప్రాంతాలను వదులుకుని అయినా సరే, బలగాన్ని ఒకచోట కూడగట్టమని ఎక్కువమంది సూచించారు. ఆ సలహా ఫలించింది.

స్కాట్లాండ్ వైపు నుంచి దిగివచ్చే అంగారకుల త్రిపాద యంత్రాలను (మూడు కాళ్ల యుద్ధ యంత్రాలు) ఎదురేగి ఢీకొనడం మానేసి, బొగ్గు, ఉక్కు, చమురు దండిగా దొరికే ప్రాంతాలను మాత్రమే పట్టుకుని, మిగిలిన వనరులను పరిశోధనకు మళ్లించాను. దేశపటం మీద సేనలు ఒక ప్రాంతం నుంచి మరొక ప్రాంతానికి చేరడానికి సమయం పడుతుంది కాబట్టి, దాడి మొదలయ్యాక సహాయం పంపితే అది చేరేసరికి అక్కడ కాపాడవలసింది ఏమీ మిగలదు. అందువల్ల ఫిరంగులను ముందే మోహరించి, శత్రువు వాటి పరిధిలోకి వచ్చేవరకు వేచి ఉండడమే మేలని తేలింది. అంగారకుల ఆయుధమైన ఉష్ణకిరణానికి ఎదురుగా విడి వాహనాలను ఒక్కొక్కటిగా పంపడం శుద్ధ దండగ.

రక్షణ కట్టడాల మీదే ఖర్చు పెట్టమన్న సూచన మాత్రం నాకు అంతగా కలిసిరాలేదు, ఎందుకంటే కదలలేని బలం పక్క ప్రాంతానికి అక్కరకు రాదు. ప్రస్తుతం ఉత్తర ఇంగ్లండ్ నా చేతిలో ఉంది, స్కాట్లాండ్ ఇంకా లేదు. ఇక అంగారకుల పక్షాన ఆడి చూడాలని ఉంది. వారికి వనరులలో ఒకటి మానవ రక్తమే!