ఎంపీత్రీ ప్లేయర్ ఛార్జ్ అవుతోంది, కంప్యూటర్‌లో మాత్రం కనిపించట్లేదు

ప్రశ్న: విండోస్ 10 ల్యాప్‌టాప్‌కి పెడితే ఛార్జింగ్ ఎక్కుతోంది, డ్రైవ్ రావట్లేదు. ఏం చూడాలి?

జవాబు: ముందు కేబుల్ మార్చండి. యూఎస్‌బీ 2.0 కేబుల్లో రెండు వైర్లు కరెంటుకి, రెండు డేటాకి. ఛార్జింగ్‌కే చేసిన చవక కేబుళ్లలో డేటా వైర్లే ఉండవు. హబ్ (ఒక పోర్టును చాలా పోర్టులుగా చేసే పెట్టె) వాడుతుంటే తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకి పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: వేరే కేబుల్‌తో టింగుమని సౌండ్ వస్తోంది, డ్రైవ్ లేదు.

జవాబు: అయితే డేటా వెళ్తున్నట్టే. ప్లేయర్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ మోడ్ చూడండి. ఎంటీపీలో (ఫైళ్లను ప్లేయరే చూసుకుని కంప్యూటర్‌కి అందించే మోడ్) ఉంటే డ్రైవ్ లెటర్ (E:, F: లాంటి అక్షరం) రాదు. ఎంఎస్‌సీకి (పెన్‌డ్రైవ్‌లా కనిపించే మోడ్) మార్చి, తీసి మళ్లీ పెట్టండి.

ఇంకో జవాబు: అప్పటికీ రాకపోతే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ (కంప్యూటర్‌కి పెట్టిన డ్రైవ్‌లన్నీ చూపించే విండోస్ టూల్) తెరవండి. లెటర్ లేకపోతే ఇవ్వండి. 'రా' (RAW) అని చూపిస్తే ఫైల్ సిస్టమ్ (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) పాడై ఉండొచ్చు. తొందరపడి ఫార్మాట్ కొట్టకండి, ముందు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో పాటలు లాగండి. తర్వాత ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లోనే ఫార్మాట్ చేయండి, విండోస్ వాడే ఇంకో ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చాలా ప్లేయర్లు చదవలేవు.