లిథియం ముందా, పొటాషియం ముందా? క్షార లోహాల చర్యాశీలతపై సందేహం

ప్రశ్న (ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని):
అందరికీ నమస్కారం. ఆవర్తన పట్టిక ఒకటో గ్రూపులో (లిథియం, సోడియం, పొటాషియం లాంటి క్షార లోహాలు) కిందికి వెళ్తున్నకొద్దీ చర్యాశీలత పెరుగుతుందని పదో తరగతి నుంచీ చదువుతున్నాను. బయటి ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమవుతుంది, మధ్యలో కర్పరాలు (ఎలక్ట్రాన్ల పొరలు) అడ్డుంటాయి, కాబట్టి తేలికగా ఊడిపోతుంది. ఇంతవరకు అర్థమైంది. నిన్న ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియళ్ళ పట్టిక చూశాను (విలువ ఎంత రుణాత్మకమైతే లోహం నీటిలో అంత తేలికగా ఎలక్ట్రాన్ ఇస్తుందని అర్థం). లిథియం −3.04, సోడియం −2.71, పొటాషియం −2.93 వోల్టులు. అంటే అన్నిటికన్నా బలమైన క్షయకరణి (ఎలక్ట్రాన్‌ను ఇచ్చేది) లిథియమే కదా? మరి నీళ్ళలో లిథియం నిదానంగా చర్య జరుపుతుంటే పొటాషియం భగ్గుమనడం ఎందుకు? పైగా ఈ అంకెల్లో ఏ వరుసా లేదు, సోడియం రెండింటికన్నా వెనకబడింది. అచ్చుతప్పు కాదు కదా?

తోటి విద్యార్థి:
అచ్చుతప్పు కాదు. ‘లిథియం అసాధారణ ప్రవర్తన చూపుతుంది’ అని రాస్తే సరిపోతుంది. మా నోట్సులో అంతే ఉంది.

విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు:
బాబూ, ‘అసాధారణం’ అన్నది పేరే తప్ప కారణం కాదు. ఆ అమ్మాయి అడిగింది కారణం.

అమ్మా, ‘చర్యాశీలత’ అనే ఒక్క మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. చర్య పూర్తయ్యాక ఎంత శక్తి మిగిలింది అన్నది ఒకటి. చర్య ఎంత వేగంగా సాగింది అన్నది రెండోది. నీ వోల్టుల పట్టిక మొదటిదానికే జవాబు చెబుతుంది.

కాగితం తీసుకుని లెక్క వెయ్యి. ఘన లోహం నీటిలో అయానుగా మారాలంటే మూడు మెట్లు. లోహంలోంచి పరమాణువును విడదీయాలి, దానినుంచి ఎలక్ట్రాన్‌ను లాగాలి, ఈ రెండింటికీ ఖర్చు. ఆపైన అయాను చుట్టూ నీటి అణువులు చేరతాయి, అది రాబడి. మోలుకు కిలోజౌళ్ళలో సుమారుగా:

లిథియం: 159 + 520 − 506 = 173
సోడియం: 107 + 496 − 406 = 197
పొటాషియం: 89 + 419 − 330 = 178

మిగిలిన ఖర్చు ఎంత తక్కువైతే అంత బలమైన క్షయకరణి. లిథియం, పొటాషియం, సోడియం. నీ పట్టికలోని వరుస ఇదే. లిథియం అయాను చాలా చిన్నది, అందుకే నీటి అణువులను గట్టిగా పట్టుకుంటుంది. ఎలక్ట్రాన్ కోసం పెట్టిన అదనపు ఖర్చు అక్కడే రాబట్టుకుంటుంది. సోడియానికి అటు ఎలక్ట్రాన్ చవకా కాదు, ఇటు రాబడి ఘనమూ కాదు. మధ్యలో పుట్టినందుకు నష్టపోయింది, పాపం.

ఇక వేగం. పెట్టుబడి ముందు పెట్టాలి, రాబడి తర్వాత వస్తుంది. లిథియానికి ఆ ముందు పెట్టుబడే పెద్దది. దానికి తోడు ద్రవీభవన స్థానం చూడు: లిథియం 180, సోడియం 98, పొటాషియం 63 డిగ్రీలు. నేను పాఠం చెప్పే రోజుల్లో పెసరగింజంత సోడియం ముక్కను వడపోత కాగితంతో అద్ది, ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే సూచిక) కలిపిన నీళ్ళ తొట్టిలో వేసేవాడిని. క్షణంలో కరిగి గుండ్రటి పూసలా మారి, బుసబుసమంటూ నీటి మీద పరుగెత్తేది. అది వెళ్ళిన దారంతా గులాబీ రంగు. కరిగిన లోహం నీటికి ఎప్పటికప్పుడు కొత్త ముఖం చూపిస్తుంది. లిథియం ముక్క సాధారణంగా కరగదు, ఆకారం చెడకుండా బుడగలు వదులుతూ తేలుతుంది. పొటాషియమైతే వెలువడిన హైడ్రోజన్ అంటుకుని ఊదా రంగు మంట వస్తుంది. నిజానికి మోలు లెక్కన ఈ మూడింటిలో ఎక్కువ వేడి ఇచ్చేది లిథియమే. నిదానంగా ఇస్తుంది, అంతే.

2015లో ప్రేగ్ శాస్త్రవేత్తలు సోడియం-పొటాషియం మిశ్రలోహపు బొట్టు నీటిలో పడడాన్ని అతివేగ కెమెరాతో తీశారు. మిల్లీసెకను లోపే బొట్టు ఒంటినిండా ముళ్ళు మొలిచాయి. ఎలక్ట్రాన్లు నీటిలోకి పారిపోగా మిగిలిన ధన అయాన్లు ఒకదాన్నొకటి నెట్టుకోవడమే కారణమని తేల్చారు.

ప్రయోగశాల సహాయకుడు:
సార్ చెప్పారని ఎవరూ ఇంట్లో చేయకండి. మా ల్యాబులో ఒకసారి మిగిలిన సోడియం ముక్కను ఒకరు సింకులో పడేశారు. పెద్ద చప్పుడుతో కింది గొట్టం పగిలింది. అదృష్టం, దగ్గరలో ఎవరూ లేరు. ఇంకో మాట: సోడియంలాగే లిథియాన్నీ కిరోసిన్‌లో ముంచుతామని చాలామంది రాస్తారు. దాని సాంద్రత 0.53 మాత్రమే, కిరోసిన్ మీద తేలిపోతుంది. అందుకే పారఫిన్ మైనం పూసి ఉంచుతారు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
ధన్యవాదాలు సార్. హాలోజన్లకూ ఇదే లెక్కా? ఎలక్ట్రాన్‌ను తీసుకున్నప్పుడు క్లోరిన్ 349, ఫ్లోరిన్ 328 కిలోజౌళ్ళు విడుదల చేస్తాయట. అయినా బలమైన ఆక్సీకరణి (ఎలక్ట్రాన్‌ను లాక్కునేది) ఫ్లోరినే.

విశ్రాంత అధ్యాపకుడు:
ఇదే లెక్క. ఫ్లోరిన్ అణువులో బంధం తెంచడానికి 159 చాలు, క్లోరిన్‌కు 243 కావాలి. ఫ్లోరైడ్ చిన్నది కాబట్టి నీటి దగ్గర రాబడీ ఎక్కువ. మిగతాది నువ్వే పూర్తి చెయ్యి.

నల్గొండ జిల్లా నుంచి ఒక తండ్రి:
మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. అంత చురుకైన ఫ్లోరిన్ మా బోరు నీళ్ళలో ఎలా నిలిచి ఉంటుందని మా అబ్బాయి అడుగుతున్నాడు. కాచితే పోతుందా?

విశ్రాంత అధ్యాపకుడు:
మీ నీళ్ళలో ఉన్నది ఫ్లోరిన్ వాయువు కాదండీ, ఫ్లోరైడ్ అయాను. రాళ్ళలోని ఖనిజాల నుంచి ఊరుతుంది. కావలసిన ఎలక్ట్రాన్ అప్పటికే దొరికింది కనుక దాని ఆకలి తీరిపోయింది. మనం తినే ఉప్పులో క్లోరిన్ విషవాయువుగా లేదు కదా, అలాగే. అయితే ఆకలి తీరినంత మాత్రాన హాని లేదని కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లో, పళ్ళలో చేరుతుంది. కాచితే పోదు. నీరు ఆవిరై, మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతికి మీ జిల్లా పేరే పెట్టారు. కానీ మోతాదు కొలిచి వేయాలి, కాబట్టి ముందు నీటిని పరీక్ష చేయించండి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
సార్, రుబీడియానికి కూడా వేశాను. 81 + 403 − 310 = 174. దాదాపు లిథియంతో సమానం! కానీ మా పట్టికలో రుబీడియం −2.93 దగ్గరే ఉంది.

విశ్రాంత అధ్యాపకుడు:
శభాష్. నేను వేయించింది ఎంథాల్పీ (వేడి) లెక్క మాత్రమే, ఎంట్రోపీని (కణాల చెదురుబాటు కొలతను) కలపలేదు. నీటి రాబడి విలువలు కూడా ఒక్కో పట్టికలో కొంచెం అటూ ఇటూ ఉంటాయి. 197కూ 173కూ తేడా చెప్పడానికి ఈ లెక్క పనికొస్తుంది, 174కూ 173కూ పనికిరాదు. ఎంట్రోపీ పాఠం అయ్యాక ఈ కాగితం మళ్ళీ తీయి.