ఈ వారం సమస్య: కొట్టకయే కొట్టె ననుచుఁ గొనియాడి రటన్

నిర్వాహకుడు:
ఈసారి కందపాదం. విషయం పాత అమెరికా బేస్‌బాల్, 19వ శతాబ్దపు మేటి హిట్టర్లు. పూరణలో చమత్కారం ఒక్కటే చాలదు, చెప్పింది నిజమై ఉండాలి.

కందప్రియ:
బ్యాట్టును భుజమున నుంచియె
పట్టుగ నైదిటిని విడచి బాటనుఁ బట్టెన్;
పట్టికలోఁ జూచి జనులు
కొట్టకయే కొట్టె ననుచుఁ గొనియాడి రటన్

1887 సీజన్ గురించి రాశానండీ. వాక్ అంటే చెడ్డ బంతులను వదిలేసినందుకు బ్యాటర్‌కి ఊరికే దక్కే మొదటి బేస్; హిట్ అంటే బంతిని కొట్టి బేస్ చేరడం. ఆ ఒక్క ఏడాదీ వాక్‌ని కూడా హిట్‌గా లెక్కకట్టారు. మన క్రికెట్లో వైడ్ పరుగు బ్యాటర్ ఖాతాలో పడదు కదా, అక్కడ పడిందన్నమాట.

పాతబంతి:
వాక్‌కి నాలుగు బంతులే కదండీ? ఐదు ఎక్కడివి?

కందప్రియ:
నాలుగు బంతుల నియమం 1889లో వచ్చింది. 1887లో ఐదు చెడ్డ బంతులు వదిలితే వాక్, నాలుగు స్ట్రైకులు (కొట్టలేకపోయిన మంచి బంతులు) పడితేనే ఔట్.

నిర్వాహకుడు:
అయితే "ఐదిటిని" సరైనదే. విరోధాన్ని కల్పనతో కాక ఆనాటి నియమంతోనే విడగొట్టారు, అది నాకు బాగా నచ్చింది. ఒక్కటే లోపం. "బ్యాటు"ను ప్రాస కోసం "బ్యాట్టు" చేశారు. అది చెవికి గుచ్చుకుంటోంది.

1887 లెక్క కాగితం మీద వేసి చూశాను. సెయింట్ లూయిస్ బ్రౌన్స్ ఆటగాడు టిప్ ఓనీల్‌కి 517 బ్యాటింగ్ అవకాశాల్లో 225 హిట్లు, అంటే 0.435. 50 వాక్‌లను రెండు వైపులా కలిపితే 567లో 275, అంటే 0.485! ఎలా లెక్కేసినా అతని లీగ్ అయిన అమెరికన్ అసోసియేషన్‌లో అతనే ముందు. ఆనాటి మరో పెద్ద లీగ్ అయిన నేషనల్ లీగ్‌లో అలా కాదు. వాక్‌లు కలిపితే షికాగో ఆటగాడు క్యాప్ ఆన్సన్ 0.421తో పైన ఉంటాడు. తీసేస్తే 0.347కి జారిపోతాడు, డెట్రాయిట్ ఆటగాడు శామ్ థాంప్సన్ 0.372తో ముందుకొస్తాడు. 1968లో బేస్‌బాల్ రికార్డుల సంఘం ఆ వాక్‌లు హిట్లు కావని తేల్చింది. ఆన్సన్ విషయంలో నాకు మనసు చివుక్కుమంటుంది. ఆడిన రోజున ఉన్న నియమం ప్రకారమే కదా ఆడాడు!

పాతబంతి:
నాది వేరే దారి. పైపాదం చివర ఒక మాట చేర్చి అర్థం మార్చాను.

పొట్టి యగు కీల రిటునటు
నెట్టెను ఫీల్డర్లు లేని నేలకు బంతిన్;
గట్టును దాటించి తరిమి
కొట్టకయే, కొట్టె ననుచుఁ గొనియాడి రటన్

కందప్రియ:
ఆహా! "తరిమి కొట్టకయే" దగ్గర ఆగి మళ్లీ చదివాను. విల్లీ కీలర్ అయిదడుగుల నాలుగంగుళాల మనిషి. 1897లో బాల్టిమోర్ తరఫున 239 హిట్లు, సగటు 0.424, హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) మాత్రం ఒక్కటీ లేదు. ఫీల్డర్లు లేని చోటికి కొట్టడమే తన పద్ధతని అతనే చెప్పుకున్నాడు. మీ రెండో పాదం అచ్చం అదే.

నిర్వాహకుడు:
సంధి కూడా చక్కగా కుదిరింది. "తరిమి" క్త్వార్థకం, అది కళ, అంటే చివర నకారం (ద్రుతం) రాని మాట. అందుకే సమస్యలోని "కొ" మారకుండా నిలిచింది. అక్కడ ద్రుతాంతం పడి ఉంటే "గొట్టకయే" అనాల్సి వచ్చేది, చాలామంది జారేది అక్కడే. "గట్టు" అనే మాట మైదానం కంచెకు చక్కగా సరిపోయింది. ఈ వారం నా ఓటు దీనికే.

కందప్రియ:
నాదీ అంతే. నా మొదటి పాదం మాత్రం సరిచేశాను, చూడండి:

కట్టెను భుజమున నుంచియె

నిర్వాహకుడు:
గణాలు చెడలేదు, ప్రాస నిలిచింది. పైగా ఆ బ్యాట్ నిజంగా కట్టెతో చేసిందే. ఇదే ఉంచేయండి.