ఛాంపియన్ మేల్‌కి హిప్ ఎక్స్‌రే లేదంట, మా ఫిమేల్ ఏమో క్యారియర్... ఈ మేటింగ్ చేయించాలా వద్దా?

తోకఊపు:
అందరికీ నమస్తే. చాలా రోజుల నుంచి ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే ఫస్ట్ టైమ్, పొడుగైతే ఏమనుకోకండి.

మా దగ్గర రెండున్నరేళ్ల ల్యాబ్రడార్ ఫిమేల్ ఉంది, దాని మొదటి లిట్టర్ (ఒక ఈతలో పుట్టే పిల్లలు) కోసం చూస్తున్నా. రెండేళ్లు నిండాక టెస్టులన్నీ చేయించా. హిప్స్ (తుంటి కీళ్లు) ఓఎఫ్ఏలో, అంటే కుక్కల ఎక్స్‌రేలు చూసి గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థలో, ఫెయిర్ వచ్చింది, ఎల్బోలు నార్మల్, కళ్ల స్పెషలిస్ట్ ఓకే అన్నారు, పీఆర్ఏ (వంశపారంపర్యంగా చూపు పోయే జబ్బు) క్లియర్, ఈఐసీ (గట్టిగా పరిగెత్తితే కుప్పకూలే జబ్బు) మాత్రం క్యారియర్, అంటే లోపం ఉన్న జీన్ ఒక్క కాపీ ఉంది. షోలకి రెండు సార్లు తీసుకెళ్లా, ఒకసారి క్లాస్‌లో మూడో ప్లేస్, ఇంకోసారి ఏమీ రాలేదు, రింగ్‌లో నాకే ఎక్కువ వణుకు దానికంటే.

మాకు పప్పీ ఇచ్చిన సీనియర్ బ్రీడర్ గారే ఒక ఛాంపియన్ మేల్‌ని చూపించారు. చూడ్డానికి అద్భుతం, నడక చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఓనర్‌ని రిపోర్టులు అడిగితే డీఎన్ఏవి పంపారు, ఈఐసీ పీఆర్ఏ రెండూ క్లియర్. హిప్స్ అడిగేసరికి మాత్రం "మా లైన్‌లో ఇన్నేళ్లలో ఒక్క కుక్క కుంటలేదు, హిప్స్ బాలేకపోతే జడ్జిలు టైటిల్ ఇస్తారా" అన్నారు. దానికి ఏం చెప్పాలో తెలీలేదు నాకు.

ఇంకో వైపు నా ఫ్రెండ్ ఒకరు అసలు క్యారియర్‌ని బ్రీడ్ చేయడమే తప్పు, స్పే (పిల్లలు పుట్టకుండా ఆపరేషన్) చేయించెయ్ అంటున్నారు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మూడోది. సీనియర్ గారు నిన్న ఫోన్‌లో "ఫెయిర్ అని, క్యారియర్ అని నువ్వెందుకు ఊరంతా చాటుకుంటున్నావ్, దాని పెడిగ్రీలో నా కెన్నెల్ పేరు ఉంది కదా, అడిగినవాళ్లకి చెప్తే చాలు" అన్నారు. ఆయన నాకు చాలా నేర్పించారు, ఈనే కుక్కకి పక్కన కూర్చుని ఎలా చూసుకోవాలో కూడా ఆయన దగ్గరే చూశా. రిజల్ట్స్ ఓపెన్‌గా పెడితే ఆయనకి ద్రోహం చేసినట్టా? పెట్టకపోతే కొనేవాళ్లకి ద్రోహమా? మీరైతే ఏం చేస్తారు?

మందులపెట్టె:
వెట్ క్లినిక్‌లో పని చేస్తా, ముందు సులువుగా తేలేది తేల్చేద్దాం. ఈఐసీకి లోపం ఉన్న జీన్ రెండు కాపీలు ఉంటేనే జబ్బు. అలాంటి కుక్క గట్టిగా పరిగెత్తించిన కాసేపటికి వెనక కాళ్లు పట్టు తప్పి పడిపోతుంది, చాలావరకు తేరుకుంటాయి, కొన్ని చనిపోతాయి కూడా. ఒక్క కాపీ ఉన్న క్యారియర్‌కి ఏమీ రాదు. క్యారియర్‌ని క్లియర్ మేల్‌తో కలిపితే సగటున సగం పప్పీలు క్యారియర్లు, మిగతా సగం క్లియర్, జబ్బు పప్పీ ఒక్కటీ పుట్టదు. ఇద్దరు క్యారియర్లని కలిపితేనే గొడవ, అక్కడ నాలుగో వంతుకి వచ్చే ఛాన్స్.

మీ ఫ్రెండ్ చెప్పినట్టు క్యారియర్లందర్నీ స్పే చేసుకుంటూ పోతే ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. ఈరోజు ఈఐసీ, రేపు ఇంకో టెస్ట్ వస్తుంది, ఎల్లుండి ఇంకోటి, ప్రతిసారీ కొన్ని కుక్కల్ని తీసేస్తే చివరికి మిగిలేది నాలుగు మేల్స్, బ్రీడ్ మొత్తం వాటి పిల్లలే. అప్పుడు టెస్ట్ లేని జబ్బు ఏదో ఒకటి లోపల్నుంచి పైకి వస్తుంది. క్యారియర్‌ని క్లియర్‌తో కలిపి, పప్పీలని టెస్ట్ చేసి, మంచి క్లియర్ పప్పీని ముందుకు తీసుకెళ్లండి. డీఎన్ఏ టెస్ట్ వచ్చింది కుక్కల్ని తీసేయడానికి కాదు, ఇలా వాడుకోవడానికే.

హిప్స్ విషయంలో మాత్రం ఆ ఓనర్ మాట పూర్తిగా తప్పు. జడ్జి చూసేది బయట నడక. తొడ ఎముక బంతి గిన్నెలో ఎంత లోతుగా కూర్చుందో రింగ్ బయట్నుంచి ఎవరికీ కనపడదు. వయసులో ఉన్న కుక్కకి కండ గట్టిగా ఉంటే లూజ్ హిప్స్‌తోనే దర్జాగా ట్రాట్ చేస్తుంది. ఐదారేళ్లకి లేవడానికి ఇబ్బంది పడుతుంటే అప్పుడు మా దగ్గరకి తీసుకొస్తారు, "నిన్నటిదాకా బాగానే ఉంది డాక్టర్" అంటూ. ఇంకోటి, మీ ఫిమేల్‌ది ఫెయిర్. ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్ మూడూ నార్మల్ కిందే లెక్క, సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. కాకపోతే ఫెయిర్ కాబట్టే మేల్ హిప్స్ తెలియకుండా మేటింగ్ చేయించకూడదు.

రింగ్‌సైడ్:
ఇక్కడ షో వాళ్లని తిట్టడం మొదలయ్యేలోపు నేను రెండు మాటలు చెప్పుకుంటా, తర్వాత మీ ఇష్టం.

నేను షోలకి వెళ్తా, ఛాంపియన్లు చేశా, ఎక్స్‌రేలు కూడా తీయిస్తా. ఆ మేల్ ఓనర్ చెప్పింది నాకూ నచ్చలేదు, పైన పటారం లోన లొటారం అయితే ఆ టైటిల్ ఎందుకు. కానీ ఈ మధ్య ఒక కొత్త బ్యాచ్ తయారైంది, ఇంట్లో చెంప లోపల స్వాబ్ తిప్పి డీఎన్ఏ కిట్ పంపించి, ముప్పై నలభై జబ్బులు క్లియర్ అని రంగుల షీట్ పెట్టుకుని "హెల్త్ టెస్టెడ్ పేరెంట్స్" అని రాసుకుంటారు. అందులో సగం జబ్బులు ఆ బ్రీడ్‌లోనే ఉండవు! హిప్స్ ఎక్స్‌రే లేదు, ఎల్బోలు లేవు, గుండె ఎవరూ విన్లేదు. కుక్క ముందు కాళ్లు వంకర, కొత్త మనిషిని చూస్తే సోఫా కింద దూరుతుంది, అయినా దానికి పేపర్ క్లీన్. షోలో ఇంకేం లేకపోయినా మన కుక్కని మనకి చుట్టం కాని మనిషి చేత్తో తడిమి చూస్తాడు. కాకి పిల్ల కాకికి ముద్దు కదండీ, మన కళ్లతోనే చూసుకుంటూ పోతే ఎప్పటికీ లోపం కనపడదు.

రిజల్ట్స్ ఓపెన్‌గా పెట్టడం గురించి... మీ సీనియర్‌ని విలన్ చేయకండి. నేనొకసారి నా కుక్కకి హిప్స్ కొంచెం బాలేవని వచ్చిన మైల్డ్ రిజల్ట్ పబ్లిక్‌గా పెట్టా. ఆ తర్వాత ఏడాది పాటు "వాళ్ల లైన్‌లో హిప్స్ పోయాయంట" అన్నవాళ్లు ఎవరో తెలుసా, జీవితంలో ఒక్క ఎక్స్‌రే తీయించని వాళ్లు. టెస్ట్ చేసినోడు దొంగ, చేయనోడు దొర. అలా ఉన్నప్పుడు మనుషులు దాచుకోకుండా ఏం చేస్తారు? దాచడం కరెక్ట్ అనట్లేదు, ఎందుకు దాస్తారో చెప్తున్నా అంతే.

పనికుక్క:
షోల గురించి నా మాట చిన్నది. మావి బోర్డర్ కోలీలు, గొర్రెల్ని తోలే కుక్కలు. అమెరికన్ బోర్డర్ కోలీ అసోసియేషన్ అని వర్కింగ్ రిజిస్ట్రీ ఒకటుంది, కుక్క షో రింగ్‌లో ఛాంపియన్ అయితే వాళ్ల రిజిస్టర్ లోంచి కొట్టేస్తారు. అవును, గెలిస్తే తీసేస్తారు. అందానికి ఎంచుకోవడం మొదలుపెడితే పని పోతుందని వాళ్ల భయం.

ల్యాబ్‌లలో కూడా షో లైన్, ఫీల్డ్ లైన్ పక్కపక్కన నిలబెడితే ఒకే బ్రీడా అనిపిస్తుంది. మీ పిల్ల షోలో మూడో ప్లేస్ వచ్చిందా రాలేదా అనేది పక్కన పెట్టి, నీళ్లలోకి దూకుతుందా, వస్తువు తెచ్చి చేతిలో పెడుతుందా, తుపాకీ శబ్దానికి బెదురుతుందా అది చూస్కోండి.

రింగ్‌సైడ్:
@పనికుక్క అన్నా, పని చేసే కుక్కకి మాత్రం ఎక్స్‌రే అక్కర్లేదా మరి? "రోజంతా పరిగెడుతోంది, హిప్స్‌కేం ఢోకా" అనే మాట మీ వైపు నుంచి నేను విన్నంత ఎక్కడా వినలేదు. ఛాంపియన్ ఓనర్ చెప్పిందానికీ దీనికీ తేడా ఏంటి?

పనికుక్క:
సరే, అది ఒప్పుకుంటా. మా వాళ్లలో కూడా ఉన్నారు. జర్మన్ షెపర్డ్‌కి జర్మనీ క్లబ్ పెట్టిన పద్ధతి నాకు నచ్చుతుంది, హిప్ ఎల్బో ఎక్స్‌రే, 20 కిలోమీటర్ల పరుగు టెస్ట్, వర్కింగ్ టైటిల్, షో రేటింగ్ అన్నీ అడుగుతారు. అంత చేసినా ఆ బ్రీడ్ నడుం వంపు గురించి గొడవ ఆగలేదనుకోండి, అది వేరే కథ.

కొన్నవాణ్ణి:
నేను బ్రీడర్‌ని కాదు, కొనుక్కున్నవాణ్ణి. పేరెంట్స్ ఇద్దరూ ఛాంపియన్లే, గోడ నిండా రిబ్బన్లు చూపించారు, నాకు అప్పుడు ఇంకేం అడగాలో తెలీదు. పది నెలలకి మావాడు మెట్లు ఎక్కడం మానేశాడు. ఎక్స్‌రే తీస్తే రెండు వైపులా డిస్‌ప్లేసియా (హిప్ కీలు సరిగ్గా కుదరని జబ్బు). బ్రీడర్‌కి ఫోన్ చేస్తే మొదటి మాట "మీరు తిండి ఎక్కువ పెట్టారు", రెండో మాట "ఇంతవరకు ఎవరూ కంప్లైంట్ చేయలేదు". తర్వాత అనుకోకుండా పార్క్‌లో అదే లిట్టర్ పప్పీ కలిసింది, దానికి అప్పటికే ఆపరేషన్ అయిపోయింది. వాళ్లకీ అదే చెప్పారంట, ఇంతవరకు ఎవరూ కంప్లైంట్ చేయలేదని.

మీరు ఫెయిర్, క్యారియర్ అని రాసి పెడితే నాలాంటివాడు పారిపోడండీ. రాసి పెట్టారు కాబట్టే మీ దగ్గర కొంటాడు.

మందులపెట్టె:
@కొన్నవాణ్ణి చాలా బాధేసింది చదివి. తిండి మాట పూర్తిగా అబద్ధమేం కాదు, 48 ల్యాబ్‌ల మీద జీవితాంతం చేసిన స్టడీ ఒకటుంది, జతలో ఒకదానికి పావు వంతు తక్కువ తిండి పెట్టారు, తక్కువ తిన్నవి సగటున 13 ఏళ్లు, మిగతావి 11.2 ఏళ్లు బతికాయి, కీళ్ల అరుగుదల కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చింది. కాబట్టి ల్యాబ్‌ని సన్నగా పెంచాల్సిందే. కానీ అది బ్రీడర్ ముందే చెప్పాల్సిన మాట, కుంటడం మొదలయ్యాక తప్పించుకోడానికి వాడుకునే మాట కాదు.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ఓఎఫ్ఏలో నార్మల్ రిజల్ట్ దానంతటదే పబ్లిక్ అవుతుంది, బాలేని రిజల్ట్ మాత్రం ఓనర్ ఒప్పుకుంటేనే బయటకొస్తుంది. దానికంటే ముందే ఇంకో జల్లెడ ఉంది, క్లినిక్‌లో ఫిల్మ్ చూడగానే బాలేదని తెలిసిపోతే చాలామంది అసలు పంపరు, నా చేతుల మీదుగానే ఎన్ని ఆగిపోయాయో. అందుకే డేటాబేస్‌లో బ్రీడ్ నిజంగా ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. హిప్స్ ఒక్క జీన్‌తో వచ్చేవి కాదు, గుడ్ గుడ్ కలిపినా ఒక్కోసారి చెడ్డది పుడుతుంది, కాబట్టి తల్లిదండ్రుల రిపోర్ట్ ఒక్కటే సరిపోదు, తోబుట్టువులవి, ముందు లిట్టర్ పిల్లలవి కూడా తెలిస్తేనే అంచనా దొరుకుతుంది. ఒక్కళ్లు దాచితే ఆ కుక్క వరకే పోదు, ఆ కుటుంబం మొత్తం లెక్క తప్పుతుంది.

డాబర్‌మాన్ వాళ్లని అడగండి ఈ బాధ. గుండె జబ్బుకి డీఎన్ఏ టెస్టులు ఉన్నాయి గానీ క్లియర్ వచ్చిన కుక్కలు కూడా ఆ జబ్బుతో పోతున్నాయి. ఏటా 24 గంటల హోల్టర్ (గుండె కొట్టుకోవడం రికార్డ్ చేసే పరికరం), ఎకో (గుండె స్కాన్) చేయిస్తూ ఉండాల్సిందే. మూడేళ్లప్పుడు బాగుంది కదా అని బ్రీడ్ చేస్తే ఆరేళ్లకి పడిపోవచ్చు, అప్పటికి దాని పిల్లలకి పిల్లలు.

రింగ్‌సైడ్:
మందులపెట్టె గారు చెప్పినదానికి ఎదురు చెప్పలేను. మా షో లోకం మొండితనం గురించి నేనే ఒకటి చెప్తా, తిట్టుకోడానికి పనికొస్తుంది. డాల్మేషన్లకి యూరిక్ యాసిడ్ ఎక్కువ, మూత్రంలో రాళ్లు పడతాయి, బ్రీడ్ మొత్తానికి ఉన్న లోపం అది. 1973లో ఒక జెనెటిసిస్ట్ ఒకే ఒక్కసారి పాయింటర్ అనే ఇంకో బ్రీడ్‌తో క్రాస్ చేసి, తర్వాత తరం తరం డాల్మేషన్లతోనే కలుపుతూ మామూలు యాసిడ్ ఉన్న కుక్కల్ని తయారు చేశారు. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ రెండింటిని రిజిస్టర్ చేసింది, బ్రీడ్ క్లబ్ మెంబర్లు ప్యూరిటీ పోయిందని గోల చేస్తే ఆపేసింది. మళ్లీ ఒప్పుకుంది 2011లో. ముప్పై ఏళ్లండీ! ఈలోపు రాళ్లతో ఎన్ని పోయాయో.

2012లో క్రఫ్ట్స్ అనే ఇంగ్లాండ్ పెద్ద డాగ్ షోలో 15 బ్రీడ్‌ల విన్నర్లని వెట్‌తో చెక్ చేయిస్తే 6 ఫెయిల్, ఎగ్జిబిటర్లకి కోపం వచ్చింది వెట్ మీద. అప్పట్లో నాకూ వచ్చింది, దాచుకోవడం దేనికి.

తోకఊపు:
ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, థాంక్స్ అండీ. రెండు రోజుల్లో జరిగింది చెప్తా.

నా ఫిమేల్ రిజల్ట్స్ అన్నీ, ఫెయిర్, క్యారియర్‌తో సహా, ఉన్నవి ఉన్నట్టు పెట్టేశా. పెట్టేముందు సీనియర్ గారికి ఫోన్ చేసి చెప్పా, చాటుగా చేయబుద్ధి కాలేదు. కాసేపు మాట్లాడలేదు, తర్వాత దాని తల్లికి కూడా ఎక్స్‌రే తీయించానని, బాలేదనిపించి పంపలేదని చెప్పారు. రెండున్నరేళ్లలో మొదటిసారి చెప్పడం. కోపం రావాల్సింది, రాలేదు, ఆయన గొంతు అలా ఉంది. ఆ ఫిల్మ్ నాకు ఇస్తానన్నారు.

మేల్ ఓనర్‌కి కూడా చేశా, ఎక్స్‌రే ఖర్చు నేను పెట్టుకుంటా, మీకు వీలైన రోజు చెప్పండి అన్నా. ముందు గయ్యిమన్నారు, సాయంత్రానికి సరే అన్నారు, కాకపోతే రిజల్ట్ నాకు మాత్రమే చూపిస్తారంట, బయట పెట్టరంట. ఎలాగూ తల్లి సంగతి కూడా తెలిసింది కాబట్టి ఈ హీట్ (ఎదకి వచ్చే సమయం) వదిలేస్తున్నా. మేల్ ఓనర్ చూపిస్తానన్న ఫిల్మ్ అయినా నమ్మొచ్చా?

మందులపెట్టె:
ఎక్స్‌రే రోజు మీరు కూడా వెళ్లండి. టేబుల్ మీద పడుకోబెట్టినప్పుడు మీ ముందే మైక్రోచిప్ స్కాన్ చేయమనండి, ఆ నంబర్ ఫిల్మ్ మీద పడిందో లేదో చూస్కోండి, తర్వాత పెన్నుతో రాస్తే లెక్క కాదు. ఒక కుక్క ఫిల్మ్ ఇంకో కుక్క పేరు మీద చూపించడం నేను చూశా. తల్లి ఫిల్మ్ వస్తే దాని మీద కూడా అదే చూడండి.

రింగ్‌సైడ్:
మీ సీనియర్‌కి నా తరఫున ఒక నమస్కారం చెప్పండి. ఎవరో నాకు తెలీదు గానీ, ఆ మాట చెప్పడం ఎంత కష్టమో తెలుసు. వచ్చే హీట్ టైమ్‌కి మా దగ్గర ఒక మేల్‌కి రెండేళ్లు నిండుతాయి, ప్రిలిమినరీ (రెండేళ్లు నిండకముందు తీసే ఎక్స్‌రే) గుడ్ వచ్చింది, ఫైనల్ రాగానే ఏది వస్తే అది ఇక్కడే పెడతా.