అప్‌డేట్: కొత్త మినియేచర్ గేమ్ డెమోలో ఏవి పనికొచ్చాయంటే

కొత్త స్కర్మిష్ గేమ్‌ని (కొద్ది బొమ్మలతో టేబుల్ మీద ఆడే చిన్న యుద్ధం ఆట) హాబీ గేమర్లకు ఎలా పరిచయం చెయ్యాలని అడిగాను కదా. మీ సలహాల్లో అన్నిటికన్నా పనికొచ్చింది టేబుల్ కుదించడం. 4×6 అడుగులు అక్కర్లేదు, 2×2 చాలు. వైపుకి నాలుగు బొమ్మలు, అన్నీ రంగులేసినవే. ఉత్త ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టిన బూడిదరంగు బొమ్మల దగ్గర ఎవరూ ఆగరు.

బొమ్మ ఒక టర్న్‌లో నడిచే దూరం 6 అంగుళాలైతే జట్లని 12 అంగుళాల ఎడంలో పెట్టండి, మొదటి టర్న్‌లోనే కొట్లాట మొదలవుతుంది. మూడు టర్న్‌లకి ఆపెయ్యాలి. జట్టుని కూర్చుకునే పాయింట్ల లెక్క, ప్రత్యేక శక్తులు డెమోలో వద్దు. పాచికలు మీరు వెయ్యకుండా, డెమోకి వచ్చినవాళ్ల చేతికే ఇవ్వండి.

"మీ దగ్గరున్న 28 మి.మీ. (ఇలాంటి ఆటల్లో మామూలు సైజు) బొమ్మలతోనే ఆడొచ్చు" అన్న ఒక్క మాట పోస్టర్‌కన్నా ఎక్కువ పనిచేసింది. వార్‌హామర్‌కి (బాగా పేరున్న మినియేచర్ యుద్ధం ఆట) ఇప్పటికే డబ్బు పోసినవాళ్లు ఇంకో సైన్యం కొనమంటే జంకుతారు. ఫ్రాస్ట్‌గ్రేవ్ అనే ఇంకో స్కర్మిష్ గేమ్‌లో కూడా ఏ కంపెనీ బొమ్మలైనా చెల్లుతాయి.

బొమ్మలు రెజిన్‌తో 3D ప్రింట్ చేసినవైతే సన్నటి ఈటెలు, కత్తులు ముందు విరుగుతాయి, ఎందుకంటే జనం బొమ్మని సరిగ్గా అక్కడే పట్టుకుని ఎత్తుతారు! మామూలు రెజిన్‌లో కొంచెం ఫ్లెక్సిబుల్ రెజిన్ కలిపితే వంగుతాయి, విరగవు. వానాకాలంలో స్ప్రే ప్రైమర్ గరుకుగా పొడిపొడిగా పడుతుంది, బ్రష్‌తో వేసేదే వాడండి.